రెండో మెట్టు దగ్గర ఆగిన నీళ్లు

నీళ్ల తొట్టి కట్టడం తేలిక పని అనుకునే కుర్ర మేస్త్రీలను ఈమధ్య ఎక్కువగా చూస్తున్నాను. నాలుగు గోడలు లేపి లోపల ప్లాస్టరు చేస్తే తొట్టి అయిపోయిందనుకుంటారు. ఇంటి కప్పు కారుతుందో లేదో తెలియాలంటే వాన రావాలి. మా కుందుర్పి వైపు దానికి ఒక్కోసారి రెండేళ్లు ఆగాలి. ఆలోగా కట్టినవాడు ఎక్కడున్నాడో ఎవరికీ గుర్తుండదు. తొట్టి అట్లా ఆగదు. నీళ్లు పోసిన మర్నాడే మేస్త్రీ ఎలాంటివాడో బయటపెడుతుంది.

నలభై ఏళ్లకు పైగా నేను తొట్లే కట్టాను. పశువుల తొట్లు, బడిపిల్లలు చేతులు కడుక్కునే తొట్లు, పట్టుపురుగుల షెడ్ల పక్కన తొట్లు, చివరి పదేళ్లలో చర్చీల్లో బాప్తిస్మపు తొట్లు. వాటిలో ఒకదాని గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. కొత్తగా తాపీ పట్టినవాళ్లు ఎవరైనా చదువుతారని నేనే రాస్తున్నాను. ఇందులో సిమెంటు సంగతి కొంచెమే ఉంటుంది, ముందే చెప్తున్నాను.

మా ఊరి సంఘంలో పూర్వం బాప్తిస్మాలు చెరువులో జరిగేవి. పద్దెనిమిదేళ్లప్పుడు నేనూ అందులోనే మునిగాను. తర్వాత చెరువు నిండటం మానేసింది. లోపల తుమ్మచెట్లు మొలిచాయి. ఇక బాప్తిస్మం తీసుకునేవాళ్లను ట్రాక్టరెక్కించి గుమ్మఘట్ట దగ్గరి డ్యాముకు తీసుకెళ్లేవాళ్లు. ఒక ఏడు అక్కడ కూడా బురదే మిగిలింది. తెల్లబట్టలు సంచుల్లో పెట్టుకుని వెళ్లినవాళ్లు ఆ బట్టలు విప్పకుండానే తిరిగొచ్చారు. ఆ వారమే సంఘ పెద్దలు కూర్చుని చర్చి లోపలే తొట్టి కట్టించాలని తీర్మానించారు.

పాస్టరు నిలబడే వేదిక వెనక నేల తవ్వి కట్టాలి. మనిషి పడుకుంటే పట్టేంత పొడవు, ఇద్దరు పక్కపక్కన నిలబడేంత వెడల్పు, నడుము దాటే లోతు. ఒక పక్క నుంచి దిగడానికి నాలుగు మెట్లు. అడుగున నీళ్లు బయటికి వదిలే పైపు, చర్చి వెనక దానికి వాల్వు. బాప్తిస్మాలు లేని రోజుల్లో పైన చెక్కపలకలు పరిచేస్తారు. పని నాకే ఇచ్చారు. తొట్టి అంటే మా చుట్టుపక్కల ఇంకెవరి పేరూ ఎవరికీ తోచదు, ఆ సంగతి నాకూ తెలుసు.

నాకంటే నా భార్య ఎక్కువ సంతోషపడింది. ఇరవై ఏళ్లుగా చర్చికి వస్తున్నా ఆమె బాప్తిస్మం తీసుకోలేదు. చిన్నప్పుడు బావిలో జారిపడి, జుట్టు పట్టుకుని లాగితే బయటికొచ్చిన మనిషి. మోకాలు దాటిన నీళ్లు చూస్తే వెనక్కి నడుస్తుంది. అలాంటిది ఈసారి తనంతట తానే పాస్టరయ్య దగ్గరికి వెళ్లి పేరు రాయించుకుంది. చెనక్కాయలు వలిచే చోట కూర్చున్న ఆడవాళ్లందరికీ ఒకటే మాట చెప్పింది.

“మా ఆయప్ప కడతాండే తొట్టి. దాంట్లో నాకేం బయం?”

ఈ మాట చాటున విని వారం రోజులు ఛాతీ పెంచుకుని తిరిగాను.

పెద్దలు ఇంకో మాట కూడా అనుకున్నారు. కట్టేది నేను, లోపల టైల్సు వేసేది ఆయన. ఆయనెవరో చెప్పాలి. మేమిద్దరం ఒకే ఏడు కళ్యాణదుర్గంలో ఒకే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాం. నాది చురుకు చెయ్యి, ఆయనది నెమ్మది. మా గురువు నేను కట్టిన గోడ చూసి “బలే” అని వెళ్లిపోయేవాడు. ఆయన కట్టిన గోడ ముందు మాత్రం చాలాసేపు నిలబడి, ఏమీ అనకుండా వెళ్లేవాడు. ఆ ఊరకుండటంలో ఉన్న మెప్పు నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన ఎదురొస్తే పక్క సందులోకి తిరిగేవాణ్ని.

ఆయన బెంగళూరు వెళ్లి పదిహేనేళ్లు టైల్సు పని చేసి తిరిగొచ్చాడు. వచ్చేటప్పుడు టైల్సు కోసే మిషను తెచ్చాడు, ఎర్రగీత వేసే చిన్న పెట్టె కూడా తెచ్చాడు. దాన్ని నేలమీద పెట్టి మీట నొక్కితే నాలుగు గోడల మీదా ఒకే ఎత్తులో ఎర్రటి గీత పడుతుంది. నేనేమో ట్యూబులో నీళ్లు నింపి, ఒక కొస నేను, ఒక కొస ఇంకొకరు పట్టుకుని లెవెలు చూసే మనిషిని.

ఆ పెట్టె ఆయన మా చర్చికి తెచ్చిన రోజు నేను తొట్టిలో ప్లాస్టరు పని మీద ఉన్నాను. పాస్టరయ్య, పెద్దలు అందరూ గట్టుమీద చేరారు. గోడల మీద గీత పడగానే అందరూ ఒక్కసారి “ఆహా” అన్నారు.

“చూడప్పా, ఎంత నేరుగా పోతాండాదో!” అన్నాడు పాస్టరయ్య.

టైల్సాయన వంగి, గీతకూ నా గోడ అంచుకూ మధ్య వేలు పెట్టి చూశాడు. “గోడ సూటిగా ఉండాది. తేడా ఏం లేదు. బాగ చేసినాడు” అన్నాడు.

ఎవడైనా తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్నేమో. ఆయన మెచ్చుకున్నాడు. నా గోడకు మార్కులు వేయడానికి నువ్వెవడివని లోపల్లోపలే అరిచాను. పైకి మాత్రం సిమెంటు కలుపుతున్నట్టు తల వంచుకున్నాను.

మధ్యాహ్నానికి నాకు ఒక్క మూలే మిగిలింది. కింది నుంచి రెండో మెట్టు వెనక గోడను తాకే చోటు. తొట్టిలో గోడా నేలా కలిసే చోట, గోడా మెట్టూ కలిసే చోట ఊరికే ప్లాస్టరు పూస్తే చాలదు. మూల గీకి, తడిపి, చిక్కటి సిమెంటు కూరి, వేలితో గుండ్రంగా మెత్తాలి. నీళ్ల బరువు పడితే ముందు విడిపోయేది అక్కడే. పనిలో చేరిన మొదటి నెలలోనే నేర్చుకున్న సంగతి ఇది. మిగతా మూలలన్నీ అట్లానే చేశాను.

ఆ సమయంలో బయట వేపచెట్టు కింద టైల్సు పెట్టెలు విప్పుతున్నారు. టీలు తాగుతూ అందరూ ఆయన చుట్టూ చేరారు. లోపలికి మాటలు వినిపిస్తున్నాయి. వాటిలో నా భార్య గొంతు కూడా ఉంది. “ఈ నీలం ఎంత బాగుండాదో! చూస్తాంటేనే దిగబుద్ధి అవుతాది” అంటోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను కట్టిన గోడ చూసి ఆమె అంత గొంతుతో నవ్వింది లేదు. నాకూ బయటికి పోవాలనిపించింది, అక్కడ నిలబడి ఏదో ఒకటి అనాలనిపించింది. ఆ మూల మీద సిమెంటు విసిరి, తాపీతో రెండుసార్లు నున్నగా లాగి లేచిపోయాను. పైన ఎట్లాగూ టైల్సు వస్తాయి కదా అనుకున్నాను.

రెండో తప్పు పరీక్షది. తొట్టిని నిండుగా నింపి మూడు రోజులు వదలాలి. నీళ్లు ఎంత దిగాయో గీత గీసి చూడాలి. ఆ ఎండాకాలం బోర్లు ఎండిపోయి, మా ఊరి కొళాయిలో మూడు రోజులకొకసారి నీళ్లు వచ్చేవి. పరీక్షకని తొట్టెడు నీళ్లు అడగడానికి మొహమాటపడ్డాను. అడగాల్సింది. కింది మొదటి మెట్టు దాకా పోసి ఒక రోజు ఉంచి, తగ్గలేదని వదిలేశాను.

“అంతమాత్రం సాలునా?” అని పాస్టరయ్య అడిగాడు.

“ముప్పై ఏండ్లనుంచి కడతాండా అయ్యా” అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

టైల్సు పని వారం పట్టింది. నేను అటు పోలేదు. చివరికి ఒక గురువారం ఉండబట్టలేక వెళ్లాను. తొట్టి లోపల నీలం రంగు ఆకాశం దిగినట్టు ఉంది. మెట్ల పక్కన ఆయన మోకాళ్ల మీద కూర్చుని, డ్రిల్లు మిషనుతో మెట్లకు తూట్లు వేస్తున్నాడు. పక్కనే మెరిసే స్టీలు కమ్మీ ఉంది.

“ఇదేంది? ఇది పెట్టమని ఎవరు చెప్పినారు?” అన్నాను.

“మీ ఇంటామె అడిగింది” అన్నాడు మిషను ఆపి. “ఆయమ్మకు నీళ్లంటే బయమంట కదా. పట్టుకునేకి ఏమన్నా ఉంటే దిగుతా అన్నింది. ముసలోళ్లకూ పనికొస్తాదిలే.”

ఆమె భయం నాకు ఆయన చెప్పాలా? పెళ్లయిన మొదటి వారం నుంచీ తెలుసు. కానీ ఆ తొట్టి గీసింది నేను, మెట్లు కట్టింది నేను. పట్టుకోవడానికి ఒక ఆసరా కావాలని నాకు తోచలేదు. ఆమె నన్ను అడగనూ లేదు. పరాయివాణ్ని అడిగింది, ఆయన మారుమాట లేకుండా తెచ్చి పెట్టేశాడు.

ఇక్కడ నిజం రాయాలి. ఆ డ్రిల్లు టైలు దాటి, నీళ్లు దిగకుండా పూసిన పూత దాటి, లోపలికి పోతోందని నాకు తెలుసు. ఆ రంధ్రాల్లో సరైన మందు పోసి మూయకపోతే తొట్టి కారుతుందనీ తెలుసు. “వీటిల్లో ఏం పోస్తావప్పా?” అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. ఆయన మర్చిపోవాలని కోరుకుంటూ బయటికొచ్చాను. కారాలని కోరుకున్నాను. ఆ తొట్టిలో దిగబోయేది నా భార్యే అని తెలిసి కూడా కోరుకున్నాను.

శనివారం సాయంత్రం తొట్టి నింపారు. ట్యాంకరు దొరకలేదు. సంఘంలో ఇంటికి మూడు బిందెల చొప్పున, ఎవరి కొళాయి వంతులో వాళ్లు పట్టుకున్న నీళ్లు మోసుకొచ్చారు. మా ఇంటి మూడు బిందెలూ నా భార్యే పోసింది. మూడో బిందె పోశాక గట్టుమీద కూర్చుని నీళ్లను కాసేపు చూసింది. ముందు భయంగా, తర్వాత మామూలుగా.

ఆదివారం తెల్లవారాక, చర్చి ఊడ్చే ఆమె మా ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చింది.

“నీళ్లు దిగిపోయినాయి! సగం లేవు! బిర్నా రాప్పా!”

వెళ్లేసరికి చర్చి వెనక గోడ అడుగంతా తడిసి ఉంది. రెండు మేకలు ఆ గోడను నాకుతున్నాయి. తొట్టిలో నీళ్లు రెండో మెట్టు దాకా దిగి అక్కడ ఆగిపోయాయి. పాస్టరయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. బాప్తిస్మం తీసుకునే తొమ్మిది మందిలో నలుగురైదుగురు అప్పటికే తెల్లబట్టలతో వచ్చేశారు. నా భార్య కూడా తెల్లచీరలో మెట్ల పైన నిలబడి ఉంది.

టైల్సాయన ఇంకా రాలేదు. నేను ఆగలేకపోయాను.

“తూట్లు వేసినాడు కదా, కమ్మీ కోసరం! కారకుండా యాడికి పోతాది? నేను కట్టినప్పుడు నీళ్లు పోసి చూపించినా, మీరంతా చూసినారు” అని అందరూ వినేలా అన్నాను. చెప్తూ ఉంటే ఒళ్లంతా తేలికైంది. ఎన్నాళ్లుగానో నమలకుండా నోట్లో పెట్టుకున్న మాట అది.

అప్పుడే ఆయన సంచితో లోపలికి వచ్చాడు. నా మాటలు విన్నాడు. చెప్పులు విడిచి, ప్యాంటు పైకి మడిచి తొట్టిలోకి దిగాడు. నీళ్లు ఎక్కడ ఆగాయో చూశాడు. తొట్టి కారినప్పుడు నీళ్లు ఎంతవరకు దిగి ఆగితే తప్పు ఆ ఎత్తులోనే ఉంటుంది. రెండో మెట్టు మీద ఆయన కమ్మీ కాలు ఒకటి ఉంది. దాని మొదలు బొటనవేలితో గట్టిగా రుద్దాడు, గోరుతో గీకాడు, కమ్మీ ఊపి చూశాడు. తర్వాత తలెత్తి నన్ను పిలిచాడు.

“నువ్వూ దిగప్పా.”

దిగాను. కమ్మీ మొదట్లో రంధ్రం చుట్టూ మందు రాయిలా గట్టిగా ఉంది. గురువారం నేను వెళ్లిపోయాక నాలుగు రంధ్రాలూ నింపే ఉన్నాడు. ఆయన సుత్తి కర్రతో గోడ టైల్సు మీద ఒక్కొక్కటిగా తట్టుకుంటూ పోయాడు. అన్నీ గట్టిగా పలికాయి. మెట్టు వెనక గోడను తాకే మూలలో మాత్రం డొల్లగా మోగింది. ఉలి పెట్టి రెండు టైల్సు ఊడదీశాడు. వెనక ప్లాస్టరు తడిసి ఇసుకలా రాలింది. గుండ్రంగా ఉండాల్సిన మూల కత్తిరించినట్టు ఉంది, దాని పొడుగునా సందు. ఆయన చూపుడువేలు గోరు దాకా అందులోకి పోయింది.

ఆయన నావైపు చూశాడు. నేను ఆ వేలినే చూస్తూ ఉండిపోయాను. పైనున్నవాళ్లకు మా వీపులు తప్ప ఏమీ కనపడటం లేదు.

“ఏమైంది? దొరికిందా?” అంది నా భార్య పైనుంచి. కమ్మీని రెండు చేతులతో పట్టుకుని వంగి చూస్తోంది.

ఆయన అరచేత్తో ఆ మూల మూసేశాడు.

“దొరికిందిమ్మా” అన్నాడు. “నాదే తప్పు. డ్రిల్లు వేసినప్పుడు అదిరి, పక్కన పగులిచ్చింది. గంటలో సరిచేస్తా.”

అప్పుడు నేను నోరు తెరవాల్సింది. ఒక్క మాట చాలు. పాస్టరయ్య “సరేలేప్పా, కానీ” అనేదాకా నాకు సమయం ఉంది. ఆ తర్వాత కూడా ఉంది. నేను వంగి బక్కెట్టు అందుకున్నాను.

నీళ్లు ఇంకో జానెడు తోడి డ్రమ్ముల్లో దాచాం. మూల అంతా చెక్కి, ఆరబెట్టి, సంచిలోంచి త్వరగా గట్టిపడే సిమెంటు తీసి, నేను చేయాల్సిన పని నా కళ్లముందే ఆయన చేశాడు. వేలితో మెత్తుతుంటే ఎక్కడా ఎత్తుపల్లం లేదు. అంత అవమానంలో కూడా నా కన్ను ఆ వేలి పనితనాన్నే చూసింది, చూసి కుళ్లుకుంది.

పైన పాటలు పాడుతున్నారు. కొందరు ఇళ్లకు వెళ్లి మళ్లీ బిందెలు తెచ్చారు. ఈసారి తెచ్చినవి తాగడానికి ఉంచుకున్న నీళ్లు. ఒక ముసలావిడ చెంబుతో తెచ్చి పోసి, ఆయనవైపు తిరిగి, “బెంగుళూరు పనంటే ఇదేనా నాయనా?” అంది. ఆయన తల ఎత్తలేదు. ఆ మాట నాకు కొంచెం తియ్యగా తగిలింది. ఇంత జరిగాక కూడా.

నా భార్య ఆ రోజు నాలుగోదిగా దిగింది. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. పాస్టరయ్య ముంచి లేపినప్పుడు దగ్గుతూ, నవ్వుతూ లేచింది. కళ్లు తుడుచుకుని ముందు నాకోసమే వెతికింది. నేను కిటికీవైపు చూస్తూ నిలబడ్డాను.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. చర్చీల మధ్య మాట త్వరగా పాకుతుంది. ఆయన పెట్టిన కమ్మీ వల్ల తొట్టి కారిందట, రెండుసార్లు బిందెలు మోయించాడట అని చుట్టుపక్కల సంఘాలకు తెలిసింది. ఆయన్ను పిలవాలనుకున్న మూడు చర్చీలు నన్ను పిలిచాయి. వజ్రకరూరు వైపు ఒకటి, మాకు దగ్గర్లో రెండు. టైల్సుకు వేరే మనిషిని పెట్టుకుని మూడూ కట్టాను. ఆ మూడు చోట్లా జనం అడిగింది ఒకటే. “మీ ఊరి తొట్టిలో నీలం టైల్సు బాగుంటాయంట కదా, అట్ల వెయ్యి.” పని నాకొచ్చింది, పేరు మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. అదీ నేను తట్టుకోలేకపోయాను.

ఆయనకు ఇక్కడ పని తగ్గి, యాభై దాటిన వయసులో మళ్లీ బెంగళూరు వెళ్లాడు.

మా చర్చి తొట్టి బాగోగులు నేనే చూసేవాణ్ని. బాప్తిస్మాలకు ముందు బ్రష్షుతో రుద్ది, బ్లీచింగు వేసి కడిగేవాణ్ని. వాల్వుకు గ్రీజు పెట్టేవాణ్ని. అయిపోయాక నీళ్లు వెనక బొప్పాయి చెట్లకు వదిలేవాణ్ని. కడిగిన ప్రతిసారీ, ఆ రోజు హడావిడిలో టైల్సు తిరిగి అతికించకుండా వదిలేసిన ఆ మూల మీద వేలు పెట్టి నొక్కేవాణ్ని. పదేళ్లలో అక్కడ ఒక్క చుక్క కారలేదు. నేను కట్టిన మిగతా మూలల్లో రెండు చోట్ల చిన్న పగుళ్లు వచ్చి, టైల్సు ఊడదీసి మళ్లీ మెత్తాను. ఆయన మెత్తింది మాత్రం చెక్కుచెదరలేదు. ఒకసారి ఎవరూ లేనప్పుడు దాన్ని ఉలితో తట్టి కూడా చూశాను. ఏమాశించి తట్టానో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది.

ఆయన జబ్బుతో పక్క ఊళ్లోని తన ఇంటికి తిరిగొచ్చాడని తెలిసింది. టైల్సు కోసిన దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందట. “పోయి చూసొద్దాం. ఆయన పెట్టిన కమ్మీ పట్టుకునే కదా నేను దిగింది” అంది నా భార్య. వెళ్లాం. ఆడవాళ్లిద్దరూ వంటింట్లోకి వెళ్లాక, మంచం మీద కూర్చున్న ఆయనతో నేనే మాట కదిలించాను.

“ఆ పొద్దు సంగతి సంఘంలో చెప్పేస్తా అనుకుంటాండా.”

ఆయన దగ్గు ఆపుకుని నావైపు తిరిగాడు. నెమ్మదైన మనిషి అనుకున్నాను కానీ, ఆ రోజు గొంతు మారింది.

“ఇప్పుడా? ఎవరికోసరం? అప్పుడు చెప్పింటే నాకు ఈడనే పని ఉండేది. పెండ్లాం బిడ్డల దగ్గర ఉండేవాణ్ని. బెంగుళూరులో ఆ దుమ్ము తినేకి పోకుండా ఉండేవాణ్ని. ఇప్పుడు నీ మనసు తేలిక చేసుకునేకి చెప్తావా?”

“మరి నువ్వెందుకు మీదేసుకుంటివి?” అని అడిగాను.

“నీకోసరం అనుకున్యావా?” అన్నాడు. “ఆయమ్మ తెల్లచీర కట్టుకోని పైన నిలబడి ఉండాది. మా ఆయప్ప కట్టిన తొట్టి అని ఊరంతా చెప్పుకునింది. ఆయమ్మ ముందర నిన్ను ఏమనేది? ఒగ గంటకని మీదేసుకుంటి. సాయంత్రం నువ్వే పోయి పాస్టరయ్యకు చెప్తావనుకుంటి. ఆ పొద్దు చూసినా, ఆ వారం చూసినా.”

నా భార్య మనసు ఆ ఉదయం ఎలా ఉందో నాకంటే ముందు ఆయనకు తట్టింది. మంచం పక్కన కూర్చుని, అంత జబ్బు మనిషిని చూస్తూ కూడా, నేను దానికే కుళ్లుకున్నాను. అసూయ సంగతి అట్లాంటిది, పిల్లలూ. సమయం సందర్భం చూడదు.

తిరిగొచ్చే బస్సులో నా భార్యకు మొత్తం చెప్పాను. ఆమె కిటికీలోంచి బీడు భూములు చూస్తూ విన్నది. అంతా విన్నాక ఒక్కటే అడిగింది.

“ఆ ముసలామె చెంబు నీళ్లు తెచ్చినప్పుడు కూడా గమ్మునే ఉంటివా?”

“ఉంటి.”

ఆమె లేచి వెళ్లి ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. దిగేటప్పుడు నా పక్కగా వచ్చి, “నాకు చెప్తే సరిపోదు. ఆదివారం అందరిముందర చెప్పల్ల” అంది.

ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. సిమెంటు మూల దగ్గర్నుంచి చెంబు నీళ్ల దాకా చెప్పాను. ఆ ముసలావిడ అప్పటికి లేదు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఓదార్చలేదు. పాస్టరయ్య, ఇద్దరు పెద్దలు ఆ సాయంత్రమే ఆయన ఇంటికి వెళ్లి క్షమించమని అడిగారు. ఆయన ఏమన్నాడో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. నా భార్య నాతో మామూలుగా మాట్లాడటానికి ఆ ఎండాకాలం మొత్తం పట్టింది.

కొన్ని నెలలకు, తమ చర్చిలో తొట్టి కట్టించుకోవాలని గుమ్మఘట్ట వైపు ఒక చర్చి పెద్ద మా వైపు వచ్చాడు. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడే మనిషి. జరిగిందంతా ఆ పెద్దకు తెలుసు. ముందు మా ఇంటికి కాదు, నేరుగా టైల్సాయన ఇంటికే వెళ్లాడు. “నాకు ఊపిరాడదు సామీ, మిషను పట్టలేను” అన్నాడట ఆయన. “ఆ యప్పతోనే కట్టించుకోండి. చెయ్యి మంచిదే. మూలల కాడ మాత్రం నేను వచ్చి చూస్తా.”

అది నా చివరి పని. మూలలు మెత్తే రోజు ఆయన బస్సెక్కి వచ్చాడు. దిగి నాలుగడుగులు వేసేసరికి ఆయాసపడ్డాడు. సంఘంవాళ్లు ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చారు. తొట్టి గట్టుమీద ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఫ్యాను తెచ్చి ఆయనవైపు తిప్పారు. టీ ముందు ఆయనకే ఇచ్చారు. చుట్టూ చేరి బెంగళూరు కబుర్లు అడుగుతున్నారు. నేను లోపల మోకాళ్ల మీద, మొహమంతా సిమెంటుతో ఉన్నాను. నాకు టీ ఇవ్వాలని ఎవరికీ గుర్తులేదు. అరవై ఐదేళ్లొచ్చినా, ఇంత జరిగినా, ఆ టీ గ్లాసులనే లెక్కపెట్టాను.

మొదటి మూల గీకి, తడిపి, మెత్తాను. ఆయన కబుర్లలోనే ఉన్నాడు. నేను రెండో మూలకు పోవచ్చు, ఎవరూ ఆపరు. తాపీ కింద పెట్టి తలెత్తాను.

“ఇట్ల రాప్పా,” అన్నాను. “ఈ మూల ఒగసారి చూడు.”